ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ ఎందుకు పట్టదు?

‘బ్రేక్ ఫెయిలైంది’ అనే మాట వింటూనే ఉంటాం. ఘాట్ రోడ్డు మీద మాత్రం బ్రేక్ విరిగిపోయో, ఊడిపోయో కాదు, వేడెక్కి పట్టు వదిలేయడం ఎక్కువ భయపెట్టే సంగతి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలమో అరకో వెళ్లి వచ్చేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో ఉన్న పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది. ద్రవాన్ని నొక్కినా కుదించుకోదు. అందుకే ఆ ఒత్తిడి సన్నటి పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. అక్కడ ప్యాడ్లు తిరుగుతున్న డిస్క్‌ను రెండు వైపులా పట్టేస్తాయి. చాలా చిన్న కార్లకు వెనక చక్రాలకు డ్రమ్ములుంటాయి. పైపులు రెండు లైన్లుగా ఉంటాయి కాబట్టి ఒకటి లీకైనా రెండోది ఎంతో కొంత ఆపుతుంది.

అయితే బండి వేగం ఊరికే పోదు, వేడిగా మారుతుంది. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. ఊళ్లో అయితే సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య డిస్క్ చల్లారుతుంది. ఘాట్‌లో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో, పెడల్ మీద కాలు తీయకుండా దిగితే చల్లారేదెప్పుడు?

ఇక్కడే ఆయిల్ సంగతి వస్తుంది. పేరుకే అది ఆయిల్, నిజానికి గాలిలో తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఇవే 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. కాసేపు చల్లారితే బ్రేక్ మళ్లీ పడుతుంది. తర్వాత మెకానిక్‌కు చూపిస్తే ‘అంతా బాగానే ఉంది కదండీ’ అంటాడు!

కాబట్టి ఏ గేర్‌లో ఎక్కే చోటో దాదాపు అదే గేర్‌లో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో వదిలేయడం, ఇంజన్ ఆపేయడం ప్రాణాలతో చెలగాటమే. ఇంజన్ ఆగితే రెండు మూడు నొక్కుల్లో బూస్టర్ సాయం అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి. డిస్క్ మీద నీళ్లు పోయకండి. బండి ఆగనే ఆగకపోతే పెడల్‌ను గబగబా పంప్ చేస్తూ, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగాలి. ఒక్కసారే లాగితే వెనక చక్రాలు బిగిసి బండి తిరగబడొచ్చు.

కంపెనీ పుస్తకంలో వేరే చెప్పకపోతే బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. అందులో ఇంజన్ ఆయిల్ పొరపాటున కూడా పోయకూడదు, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లయితే టైర్లు, ఏసీ చూసే ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. జవాబు రాకపోతే కొన్న వారంలోనే మార్పించేయండి.