తెలుగు నేలపై రోమన్ చక్రవర్తుల ముఖచిత్ర నాణేలు: లభ్యత, సేకరణ, చట్ట నిబంధనలు

(ప్రత్యేక వ్యాసం)

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో బయల్పడిన నిక్షేపంలో 1,531 రోమన్ వెండి నాణేలు లభించినవి. వాటిలో అత్యధికం ఆగస్టస్ (క్రీ.పూ. 27 – క్రీ.శ. 14), టిబేరియస్ (క్రీ.శ. 14–37) చక్రవర్తులవి. ప్రముఖ నాణేల శాస్త్రవేత్త పరమేశ్వరీలాల్ గుప్తా రచించిన రోమన్ నాణేల గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1965లో ప్రచురించినది. తెలుగు ప్రాంతాల రోమన్ నాణేలపై వార్త రాసేవారికి, విచారణ చేపట్టే అధికారులకు నేటికీ అదియే మొదటి ఆధారం.

డెనారియస్ అనబడే ఈ వెండి నాణెం ఆగస్టస్ కాలంలో నాలుగు గ్రాములకు కొద్దిగా తక్కువ బరువు తూగేది. బొమ్మ వైపున లారెల్ ఆకుల దండ ధరించిన చక్రవర్తి శిరస్సు, దాని చుట్టూ లాటిన్ అక్షరాలు ఉంటాయి. భారతదేశంలో తరచుగా లభించే ఆగస్టస్ నాణెం బొరుసు వైపున ఇద్దరు యువకులు డాళ్లు, ఈటెలతో నిలబడి కనిపిస్తారు. వారు ఆగస్టస్ దౌహిత్రులు గైయస్, లూసియస్. ఆయన వారిని దత్తత తీసుకొని వారసులుగా ప్రకటించినాడు. లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ క్రీ.శ. 4లో మరణించగా సింహాసనం సవతి కుమారుడైన టిబేరియస్‌కు దక్కినది. ఆ టిబేరియస్ నాణెం బొరుసుపై ఆసీనురాలైన ఒక స్త్రీమూర్తి ఉంటుంది. రాజ్యం దక్కని మనుమలు, దక్కించుకొన్న సవతి కుమారుడు ఒకే కుండలో మన పొలాలలో కలసి ఉండుట విశేషము.

ఈ ధనం వ్యాపారం ద్వారా వచ్చినదే. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు భారతదేశానికి తరలిపోవుచున్నవని క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వాపోయినాడు. నాలుగు సెస్టర్స్‌లు ఒక డెనారియస్‌కు సమానం. అదే శతాబ్దానికి చెందిన గ్రీకు నావికా గ్రంథం 'పెరిప్లస్' తీరాంధ్రను మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నని నూలు వస్త్రాలు విరివిగా తయారగునని తెలిపినది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణేల బరువును తగ్గించినాడు. అంతకు ముందు ఒక రోమన్ పౌను వెండికి 84 డెనారియస్‌లు ముద్రించగా, ఆ తరువాత 96 ముద్రించినారు. మన దేశంలో లభించే వెండి నాణేలలో అధిక భాగం ఈ మార్పుకు ముందరివే. ఇచ్చట వర్తకులు ముఖం చూసి గాక, తూకం చూసి సొమ్ము తీసుకొన్నారనుటకు ఇది బలమైన సాక్ష్యం.

బంగారు నాణెమైన ఆరియస్ అరుదుగా లభిస్తుంది. నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1889లో 15 బంగారు నాణేలు బయల్పడినవి. అవి టిబేరియస్ మొదలు కరకల్లా (క్రీ.శ. 211–217) వరకు గల కాలానికి చెందినవి. నాగార్జునకొండలో టిబేరియస్ నాణెంతో పాటు, ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి పట్టమహిషి ఫౌస్టినా నాణెం కూడా లభించినది.

ముఖచిత్రాల ప్రత్యేకత

జీవించి ఉన్న రోమన్ నాయకుని ముఖాన్ని రోమ్ నాణెంపై ముద్రించుట క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌తో ఆరంభమైనది. ఆగస్టస్ దాదాపు 76 ఏళ్ల వయస్సులో మరణించినా నాణేలపై కడవరకు యువకునిగానే ఉన్నాడు. నీరో విషయం వేరు. ఆయన మెడ, గడ్డం క్రింది భాగం ఏటేటా లావగుట నాణేల క్రమంలోనే గమనించవచ్చును. వెస్పేసియన్ (క్రీ.శ. 69–79) తన ముడతలను, బట్టతలను దాచుకొనలేదు. హేడ్రియన్ (క్రీ.శ. 117–138) గడ్డంతో కనిపించగా, తరువాతి చక్రవర్తులు అనేకులు ఆయనను అనుసరించినారు. బాలునిగా ముద్దుగా ఉన్న కరకల్లా పెద్దవాడై నుదురు చిట్లించి కోపంగా చూస్తాడు. చేతి ఉలితో చెక్కిన అచ్చుపై, గోరంత స్థలంలో ఇంతటి పోలిక సాధించిన పనితనమే సేకర్తలను నేటికీ ఆకర్షించుచున్నది.

ఈ అభిరుచి పాతదే. ఇటలీ కవి పెట్రార్క్ 1354లో చక్రవర్తి నాల్గవ చార్లెస్‌ను కలిసినపుడు ప్రాచీన రోమన్ నాణేలను కానుకగా ఇచ్చినాడు. జూలియస్ సీజర్ నుండి డొమిషియన్ వరకు పన్నెండుగురి నాణేలను వరుసగా కూర్చుట యూరప్ సేకర్తలకు పరిపాటి అయినది. ఆ వరుసలో క్రీ.శ. 69లో మూడు నెలలు మాత్రమే పాలించిన ఓథో నాణెం దొరకుట కష్టం. గిరాకీ వెంటనే నకిలీలు కూడా పుట్టినవి. 16వ శతాబ్దంలోనే పాదువా నగరానికి చెందిన కవీనో అనే శిల్పి రోమన్ కంచు నాణేలను పోలిన ప్రతులను తయారు చేసినాడు. నేడు సంతలలో కనిపించే పోత నకిలీలు ఆ స్థాయివి కావు. అంచున అతుకు గీత, ఉపరితలంపై సూక్ష్మమైన గుంటలు, బరువులో తేడా వాటిని పట్టించును.

అయితే ప్రాచీన కాలంలో మన దేశంలోనే తయారైన అనుకరణలను నకిలీలతో కలపరాదు. లాటిన్ తెలియని కంసాలి అక్షరాల స్థానంలో గీతలు చెక్కిన నాణేలు, కొండాపురంలో లభించిన నాణెపు బొమ్మ గల మట్టి బిళ్లలు చరిత్రకారులకు అసలు నాణెమంత విలువైనవి. అట్లే రంధ్రం వేసి ఆభరణంగా ధరించిన నాణేలు కూడా. కాసుల పేరు ధరించే ప్రాంతంలో దీనిని వివరించి చెప్పనవసరం లేదు. కొన్ని నాణేలపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. తమిళనాడులోని పుదుక్కోట ప్రాంతంలో 1898లో లభించిన 501 బంగారు నాణేలలో అత్యధికం ఇట్టి గాటు పడినవే. అందమైన ముఖం కోరే సేకర్త వీటిని ప్రక్కకు నెట్టును. అందువలన ముందుగా కరిగిపోయేవి ఇవే. ఆ గాటు ఎందుకు వేసినారనే ప్రశ్నకు సమాధానం వెదుకుటకు నాణేలన్నీ ఒకేచోట, దొరికిన సంఖ్యలోనే ఉండవలెను.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికినవారు దాని స్వభావం, సుమారు విలువ, దొరికిన స్థలం, తేదీ తెలుపుతూ కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. నిక్షేపాన్ని సమీప ప్రభుత్వ ఖజానాలో జమచేయవలెను, లేదా తగిన హామీ ఇవ్వవలెను. ప్రభుత్వం తరఫున దానిని స్వాధీనం చేసుకొనదలచినపుడు, అందులోని లోహం విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించే వీలు చట్టంలోనే కలదు. దాచినవారికి ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చును. ఈ చెల్లింపు సంగతి గ్రామాలలో తెలియదు. శిక్ష సంగతి మాత్రం అందరికీ తెలుసు. లంకెబిందె దొరికిన రైతు కంసాలి వద్దకు వెళ్లుటకు భయం కూడా ఒక కారణం. కనుక వార్తలలో శిక్షతో పాటు చెల్లింపును కూడా పేర్కొనుట అవసరం.

"కోట్ల విలువైన నాణేలు" వంటి శీర్షికలు మేలు కంటే కీడు ఎక్కువ చేయును. టిబేరియస్ డెనారియస్ ప్రపంచ విపణిలో అరుదైనది కాదు. దొరికిన స్థలం వివరం పోయిన నాణెం చరిత్రకు దాదాపు నిరుపయోగం. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం క్రింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు. కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇతరులు విదేశాలకు పంపరాదు. ఉల్లంఘించి ఎగుమతి చేసినవారికి ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు జైలు శిక్ష కలదు.

నిక్షేపం బయల్పడినట్లు సమాచారం అందిన వెంటనే రెవెన్యూ సిబ్బంది కుండ పెంకులతో సహా సమస్తాన్ని భద్రపరచి, నాణేలను లెక్కించి, పంచనామాలో ప్రతి నాణెం బరువు నమోదు చేసి, బొమ్మ, బొరుసు రెండు వైపులా ఛాయాచిత్రాలు తీయించవలెను. చింతపండు, బూడిద, ఆమ్లాలతో తోమరాదు. మట్టి అంటిన నాణేన్ని మట్టితోనే పురావస్తు శాఖకు అప్పగించవలెను.