నాలుగు గీతలు కలవకపోతే...

మా ఇంటి స్థలం 200 గజాలు. 36 అడుగులు ఇంటూ 50 అడుగులు. కాగితాల్లో అంతే ఉంది, చిన్నప్పట్నుంచీ అందరూ అంతే చెప్పారు. చీమకుర్తిలో తాత కట్టిన పెంకుటిల్లు తీసేసి డాబా వేద్దామని నాన్న అనగానే "ప్లాను నేను గీస్తా" అని ఎగిరాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని కదా, ఆ మాత్రం చెయ్యలేనా అని ధీమా. స్కెచప్ దించుకున్నా. నాన్న టేపు పట్టి ఫోన్లో కొలతలు చెప్పారు: తూర్పు 36 అడుగులు, ఉత్తరం 50, దక్షిణం 50 అడుగుల 7 అంగుళాలు, పడమర 35 అడుగుల 4 అంగుళాలు.

తూర్పు గీత గీసి, రెండు చివర్లా లంబంగా ఉత్తరం, దక్షిణం గీశాను. పడమర గీత దగ్గరికొచ్చేసరికి తంటా. చివరలు రెంటికీ మధ్య 36 అడుగులొస్తోంది, నాన్న లెక్క 35 అడుగుల 4 అంగుళాలు. ఎనిమిది అంగుళాలు ఎక్కడో ఎగిరిపోయాయి! నాన్న చెప్పిన కొలత పెడితే గీతలు కలవవు, గీతలు కలవకపోతే తలం ఏర్పడదు, తలం లేకపోతే దాన్ని పైకి లాగి గోడ చెయ్యడం కుదరదు. అర్ధరాత్రి దాటింది. నేనేం చేశానంటే, వాయవ్యం మూలని పట్టుకుని ఎనిమిది అంగుళాలు లోపలికి జరిపేశాను. టక్కున తలం వచ్చేసింది. హాయిగా పడుకున్నా.

ఆ జరపడం ఎంత పెద్ద తప్పో తరవాత చెప్తాను. ముందు కాస్త చరిత్ర.

కంప్యూటర్ తెర మీద మనిషి చేత్తో గీత గీసి, దాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెయ్యడమనే పనికి ఆద్యుడు ఐవాన్ సదర్లాండ్. 1963లో ఎమ్ఐటీలో ఆయన పీహెచ్‌డీ కోసం చేసిన స్కెచ్‌ప్యాడ్ టీఎక్స్-2 అనే యంత్రం మీద, లైట్ పెన్నుతో నడిచేది. మనలో చాలామందికి అదేదో తొలి పెయింట్ ప్రోగ్రామనే అభిప్రాయం ఉంటుంది. కాదు. అందులో అసలు గొప్పతనం నియమాలు. చతుర్భుజాన్ని వంకరటింకరగా గీసేసి, "ఈ రెండు గీతలూ లంబం, ఈ రెండూ సమానం" అని చెబితే, అదే లెక్క కట్టుకుని బొమ్మని సరిచేసేది. అంటే బొమ్మతో పాటు ఉద్దేశం కూడా దాచుకునేది.

ఆ తరవాత వచ్చినవాళ్ళు ఉద్దేశాన్ని చాలామటుకు వదిలేసి గీతల్ని మాత్రం ఉంచుకున్నారు. 1982లో మొదలైన ఆటోక్యాడ్ మామూలు పీసీ మీద నడిచింది కాబట్టి లోకమంతా పాకింది. అందులోకి ఇలాంటి జ్యామితి నియమాలు 2009లో విడుదలైన 2010 వెర్షన్‌తో గానీ రాలేదు. సదర్లాండ్ చేశాక నలభై ఆరేళ్ళకి! స్కెచప్ 2000లో అమెరికాలోని బౌల్డర్ ఊళ్ళో ఒక చిన్న కంపెనీలో పుట్టింది. 2006లో గూగుల్ కొని ఉచితంగా ఇచ్చింది, 2012లో ట్రింబుల్ చేతికి వెళ్ళింది. గీస్తున్నప్పుడు "ఇది లంబం, ఇది మధ్యబిందువు" అని ఊహించి రంగు చుక్కలతో చూపిస్తుంది, కానీ గీయడం అయ్యాక ఆ సంగతే మర్చిపోతుంది. నేను మూలని జరిపినప్పుడు "ఒరే, ఇక్కడ లంబం అన్నావు కదరా" అని అది అడగలేదు. దానికి గుర్తుంటే కదా అడగడానికి.

మిగతా ఇబ్బందులు వీటితో పోలిస్తే చిన్నవే. వంటగదిలో గట్టు కట్టి, దాని మీద గ్రానైట్ రంగు తలం ఒకటి పరిచాను. కెమెరా తిప్పినప్పుడల్లా రాయీ సిమెంటూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మిణుకు మిణుకుమనడం. దీని మూలం 1974 నాటిది. ఎడ్విన్ క్యాట్‌మల్ యూటా యూనివర్సిటీ థీసిస్‌లో ప్రతి చుక్కకీ లోతు రాసిపెట్టుకుని, ఏది దగ్గరుంటే దాన్ని చూపించే పద్ధతి రాశాడు. ఆ రోజుల్లో అంత మెమరీ పెట్టడం దండగలా అనిపించేది, ఇప్పుడు ప్రతి గ్రాఫిక్స్ కార్డులో ఉండేది అదే. రెండు తలాలు ఒకే లోతులో ఉంటే ఏది ముందో దానికి తేలదు, అందుకే ఆ మిణుకు. వైద్యం? పరిచిన తలానికి 20 మిల్లీమీటర్ల మందం ఇవ్వడమే. రాయికి మందం ఉంటుందని చీమకుర్తిలో ఏ పిల్లాడినడిగినా చెబుతాడు. అక్కడ పుట్టిన నాకు మాత్రం రెండు గంటలు పట్టింది :)

ఆ గట్టు అంచుకి గుండ్రటి నోసింగ్ పెట్టబోతే మలుపు దగ్గర చిన్న చిన్న చిల్లులు. అంగుళంలో వెయ్యో వంతు కన్నా దగ్గరున్న రెండు బిందువుల్ని స్కెచప్ ఒకటే అనుకుంటుంది, దాంతో బుల్లి తలాలు ఏర్పడవు. మొత్తాన్ని వంద రెట్లు పెంచి, పని ముగించుకుని, మళ్ళీ తగ్గించడమే దారి. కొన్ని గోడలు నీలి బూడిద రంగులో కనిపించాయంటే వాటి వీపు మనవైపుందని అర్థం, తిప్పుకోవాలి. స్లాబు ఘనపరిమాణం చూపించట్లేదంటే ఎక్కడో చిల్లుందని, లేదా లోపల అనవసరపు తలం ఉందని. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయి: స్కెచప్ వస్తువుకి లోపల ఏమీ ఉండదు, పైన తొడుగు మాత్రమే. వస్తువుని గట్టిగా, లోపలి పదార్థంతో సహా ఎలా చెప్పాలన్న దాని మీద 1970ల్లోనే కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ బ్రెయిడ్, రోచెస్టర్‌లో వోల్కర్, రెక్వీషా బోలెడు పని చేశారు. ఆ పని యంత్ర భాగాల డిజైన్ ప్యాకేజీల్లోకి వెళ్ళింది. ఇళ్ళ బొమ్మలకి అట్టపెట్టెలు మిగిలాయి.

మళ్ళీ మా స్థలం దగ్గరికి. దక్షిణం గోడ అవతల బాబాయి వాళ్ళది. చూరు నీళ్ళ గొడవతో మూడేళ్ళుగా నాన్నకీ ఆయనకీ మాటల్లేవు. నేను ప్రింటు తీసి తీసుకెళితే మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగాడు, "అంతా బాగానే ఉంది గానీ మూలకి మూల కొలత ఏది బాబూ?"

నేను తెల్లమొహం వేశాను. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన చతుర్భుజం ఖాయం కాదు, ఒక కర్ణం కూడా కావాలి. తొమ్మిదో తరగతి లెక్కల్లో నిర్మాణం కూడా చేశాం! ఈశాన్యం నుంచి నైరుతికి టేపు లాగితే 61 అడుగుల 8 అంగుళాలు. నా బొమ్మలో 62 అడుగుల 1 అంగుళం. మేస్త్రి ఆగ్నేయం మూలలో మూడు, నాలుగు, అయిదడుగుల లెక్కన దారం కట్టి చూపించాడు, నాలుగడుగులకే అర అంగుళం పైన తేడా. వంకర ఉన్నది నేను జరిపిన వాయవ్యంలో కాదు, దక్షిణం హద్దులో. నా ప్లాను ప్రకారం కాంపౌండ్ వాల్ కడితే నైరుతి చివర ఎనిమిది అంగుళాలు బాబాయి స్థలంలోకి వెళ్ళేది. మాటల్లేని ఇళ్ళ మధ్య ఎనిమిది అంగుళాలంటే కోర్టు ఖర్చే.

ఆ దారం లెక్క మేస్త్రిది కాదు, పైథాగరస్ ఒక్కడిదీ కాదు. తెలుగునాట ఎక్కువమంది వైదికులు అనుసరించే ఆపస్తంబుడి పేరు మీద ఒక శుల్బసూత్రం ఉంది. శుల్బమంటే తాడు. యజ్ఞవేదికి మూలలు సరిగ్గా రావడానికి తాళ్ళు ఎలా లాగాలో అందులో ఉంటుంది: 3-4-5, 5-12-13, 8-15-17, 12-35-37. రెండు వేల ఏళ్ళ పైమాట. సదర్లాండ్ నియమాలని పేరు పెట్టినదాన్ని వీళ్ళు తాడులో దాచారు. ఎవరైనా మూలని జరిపితే తాడు వదులైపోతుంది లేదా బిగుసుకుంటుంది, అంటే గుర్తుపెట్టుకుంటుంది.

మర్నాడు ముగ్గు పోసేముందు మేస్త్రి రెండో కర్ణం కూడా కొలవాలన్నాడు, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. ఆగ్నేయం మూల రాయి బాబాయి వాళ్ళ వైపు మట్టిలో కూరుకుపోయి ఉంది. నాన్న గోడ దగ్గర నుంచుని కాసేపు ఊరుకున్నారు. తరవాత టేపు చివర గోడ మీద నుంచి అవతలికి వేసి, "ఇదిగో, ఇది రాయి మీద పట్టుకో" అన్నారు. అవతల నుంచి ఎవరో పట్టుకున్నారు, టేపు బిగిసింది. "ఇంకాస్త లాగు, సడలుగా ఉంది" అంది బాబాయి గొంతు.