సికింద్రాబాద్ పార్సీలు: విశ్వాసం, జీవితం

సికింద్రాబాద్ పార్సీలు పందొమ్మిదో శతాబ్దంలో బొంబాయి, గుజరాత్ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన జొరాస్ట్రియన్లు. ఇరాన్‌ను అరబ్బులు జయించాక తమ మతాన్ని కాపాడుకోవడానికి ఓడలెక్కి గుజరాత్‌లోని సంజాన్ తీరానికి చేరినవారి సంతతి వీరు. ఆ వలస గాథను 1600 ప్రాంతంలో ఒక పురోహితుడు పారసీక పద్యకావ్యంగా రాశాడు. దక్కన్‌కు వీరిని రప్పించింది మాత్రం మతం కాదు, వ్యాపారం. హైదరాబాద్ నిజాంకూ బ్రిటిష్‌వారికీ 1798లో కుదిరిన ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ సైన్యం విడిది చేసింది. 1806లో ఆ చోటికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. సైన్యం ఉన్నచోట సరుకులు సరఫరా చేసేవారికి, అప్పులిచ్చేవారికి పని దొరుకుతుంది.

తొలితరంలో పేరుమోసినవారు తారాపూర్ నుంచి వచ్చిన వికాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ సోదరులు. బేరార్ పత్తిని బొంబాయి రేవుకు చేర్చి సంపాదించారు. నిజాం ప్రభుత్వానికి భారీగా అప్పులిచ్చారు, ప్రతిగా కొన్ని ప్రాంతాల్లో శిస్తు వసూలు హక్కు పొందారు. ఔరంగాబాద్ టంకశాలలో వారు వేయించిన రూపాయలను పెస్తన్‌షాహీ అనేవారు. 1840ల్లో ప్రభుత్వం ఆ ప్రాంతాలను వెనక్కి తీసుకుంది, అప్పు తీర్చలేదు. పెస్తన్‌జీ వ్యాపార సంస్థ కూలిపోయింది. ఇప్పుడు ఎంజీ రోడ్డులో ఉన్న అగ్ని ఆలయం ఆ సోదరుల పేరిట వెలిసింది ఆ దశకంలోనే, 1847లో. వ్యాపారం చితికిపోతున్న రోజుల్లో వెలిగిన ఆ అగ్నే, వారు సంపాదించిన వాటన్నిటిలోకీ ఎక్కువ కాలం నిలిచింది.

పార్సీలు ఆలయాన్ని అగియారీ అంటారు. అందులో విగ్రహం ఉండదు, అగ్ని ఎదుటే ప్రార్థిస్తారు. వెండి పాత్రలో, బూడిద పరుపు మీద మండే ఆ నిప్పు ఎన్నడూ ఆరకూడదు. పగలూ రాత్రీ కలిపి రోజును ఐదు గాహ్‌లుగా విభజించారు. ప్రతి గాహ్ మొదట్లో పురోహితుడు స్నానశౌచాలు ముగించి, తన ఊపిరి తగిలి నిప్పు అపవిత్రం కాకుండా ముక్కుకూ నోటికీ తెల్లని గుడ్డ కట్టుకుంటాడు. గంధపు చెక్కలు సమర్పించి, మంత్రంలో చెడు తలపు, చెడు మాట, చెడు చేత అనే చోట గంట మోగిస్తాడు. నిజాం పాలన పోయినా, పార్సీ కుటుంబాలు విదేశాలకు తరలినా ఈ క్రమం మాత్రం మారలేదు.

ఇంటిలో మతం మరింత దగ్గరగా ఉంటుంది. ఏడేళ్లు దాటిన పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా, నవ్‌జోత్ అనే దీక్ష ఇస్తారు. అప్పటి నుంచి ఒంటికి అంటిపెట్టుకుని పల్చని తెల్లని సుద్రే చొక్కా, నడుముకు కుస్తీ దారం. గొర్రె ఉన్నితో 72 పోగులుగా నేసిన ఈ దారాన్ని నడుము చుట్టూ మూడు చుట్లు తిప్పి ముందూ వెనకా ముడివేస్తారు. సుద్రే ఎదపై ఉండే చిన్న జేబు మంచి పనులు పోగుచేసుకోవాలని గుర్తుచేస్తుంది. అయినవాళ్లకు దూరంగా, ఉర్దూ తెలుగు భాషల మధ్య ఒంటరిగా దుకాణం నడిపే గుజరాతీ వ్యాపారికి ఆ ముడులే ఊరు, కులం, గుడి.

నిజాం దివాన్ సాలార్ జంగ్ సంస్కరణల కాలంలో మరింతమంది పార్సీలు ఉద్యోగాలకు వచ్చారు. వారిలో ఫరీదూన్‌జీ జమ్‌షెడ్‌జీ అత్యున్నత పదవులకు ఎదిగి ఫరీదూన్ ఉల్ ముల్క్ బిరుదు పొందారు. 1904లో ఆబిడ్స్ తిలక్ రోడ్డులో, 1920లో సికింద్రాబాద్‌లో చినాయ్ కుటుంబీకుల దానంతో మరో రెండు అగియారీలు వచ్చాయి. సంపాదించినదాంట్లో కొంత సమాజానికి ఇవ్వడం ఈ మతంలో పెద్ద ధర్మం.

అమెరికాలోని ప్యూరిటన్ వలసవాసులతో పోలిస్తే వీరి దారి స్పష్టమవుతుంది. 1630లో మసాచుసెట్స్ బే చేరిన ప్యూరిటన్లు మతాన్నే రాజ్యాంగం చేసుకున్నారు. 1631 నుంచి చర్చి సభ్యులకే ఓటు ఇచ్చారు, తమతో విభేదించిన మతబోధకుడు రోజర్ విలియమ్స్‌ను వెళ్లగొట్టారు. పార్సీలు ఏ ఊరినీ ఏలలేదు, ఎవరినీ తమ మతంలోకి పిలవలేదు. వారి కట్టుబాట్లన్నీ తమ మీదే. ఇది గౌరవించదగిన నిగ్రహమే. కానీ దాని మూల్యం తీవ్రమైనది. బయటివారిని పెళ్లాడిన స్త్రీ బిడ్డలను సంప్రదాయం చేర్చుకోదు. 2011 జనాభా లెక్కల్లో దేశమంతటా పార్సీలు 57,264 మందే.

మరణంలోనూ శౌచ నియమమే ముఖ్యం. భూమి, నీరు, నిప్పు మలినం కాకూడదని శవాన్ని దఖ్మా అనే గుండ్రటి కట్టడంలో పక్షులకు వదిలేస్తారు. సికింద్రాబాద్‌లో దఖ్మా ఉన్న పార్సీగుట్టకు పేరు అలా వచ్చిందే. పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందు వల్ల 1990ల నుంచి రాబందులు నశించడంతో ఈ ఆచారం చిక్కుల్లో పడింది. ముంబయిలో సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలు అమర్చుకున్నారు. దేశంలో ఆ మందును పశువులకు వాడడం 2006లో నిషేధించారు.

జంటనగరాల మూడు అగియారీల్లోకీ పార్సీలు కానివారికి ప్రవేశం లేదు. ఎంజీ రోడ్డు ఆలయాన్ని చూడగోరే పాఠకులు గేటు బయటి నుంచే చూడాలి.