ఆగిపోయిన గోడ

ఫ్లోరెన్స్‌లో పొద్దున్నే బయల్దేరితే శాన్ జిమిన్యానో, సియెనా రెండూ ఒక్క రోజులో చూడొచ్చు. మేమిద్దరం అదే చేశాం.

శాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 72 రాతి టవర్లుండేవంటారు. డబ్బున్న కుటుంబాలు పంతాలకు పోయి కట్టుకున్నవి. మిగిలినవి 14. 1348లో ప్లేగు ఊరిని ఊడ్చేసింది. 1353లో ఊరు ఫ్లోరెన్స్ ఏలుబడిలోకి పోయింది. ఆపైన పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత పెద్దగా లేదు. మనం మురిసిపోయి ఫొటోలు తీసుకునేది ఆ లేమినే.

సియెనాలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఉన్న పెద్ద చర్చి చాలదని 1339లో విస్తరణ మొదలెట్టారు. అది పూర్తయితే ఇప్పుడున్న చర్చి మొత్తం కొత్తదానికి ఓ అడ్డ భాగం మాత్రమే అయ్యేది! ప్లేగు వచ్చాక పని ఆగిపోయింది. వెనక కప్పు లేకుండా ఎత్తైన గోడొకటి మిగిలింది.

"కూలిపోయిందా?" అంది తను.

లేదు, పూర్తే కాలేదు.

టికెట్ కొంటే ఆ గోడ మీదికెక్కి ఊరంతా చూడొచ్చు. తను ఎక్కింది.