సర్వరు – మన రికార్డు రూము

మనం కొలువు చేసిన రోజుల్లో ఒక పొలం మీద తాకట్టు ఉందో లేదో తెలియాలంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఇండెక్సు పుస్తకాలు ఏడాది వెంట ఏడాది తిరగవేయాలి. ఇ.సి. చేతికందడానికి రోజులు పట్టేది. పుస్తకం ఒక గుమాస్తా ముందుంటే రెండో గుమాస్తా కాచుకోవలసిందే.

1998 నవంబరు 4న మన రాష్ట్రంలో ‘కార్డ్’ పథకం 214 కార్యాలయాల్లో మొదలైంది. ఆఫీసులో ఒక పెద్ద కంప్యూటరు, అదే సర్వరు. దానికి తీగలతో కలిపిన చిన్న కంప్యూటర్లు కొన్ని. పుస్తకం ఒకటే, చూసేవారు పలువురు. ఇ.సి. నిమిషాల పని అయింది. అయితే మొదట్లో ఆ పుస్తకం ఆఫీసు గోడ దాటేది కాదు.

గోడ దాటించింది టెలిఫోను తీగ. సర్వరుకు మోడెం తగిలించి, విండోస్ ఎన్.టి.లో ఉండే ‘రిమోట్ యాక్సెస్’ భాగాన్ని ఏర్పాటు చేస్తే, ఎక్కడో ఉన్నవారు ఫోను కలిపి, పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి రావచ్చు. ఒకే లైను మీద పదిమంది ఇంటర్నెట్టు వాడుకోవడానికి 1994లో ‘నాట్’ పద్ధతి వచ్చింది. ఇందులో సర్వరు అచ్చం మన డిస్పాచి గుమాస్తాయే. అందరి తపాలా తన ఒక్క చిరునామా మీద పంపి, ఎవరిది ఏదో రిజిస్టరులో రాసుకొని, జవాబు రాగానే వారికి అందజేస్తుంది.

2002లో మన పశ్చిమ గోదావరి జిల్లా మండలాల్లో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. చింతలపూడి నుంచి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. ఒక్క కాగితం కోసం బస్సెక్కి, సెక్షను గుమాస్తా సెలవని వెనుదిరిగి వచ్చిన వారికే ఆ కేంద్రాల విలువ తెలుసు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక, మనం బతికున్నామన్న రుజువు సైతం వేలిముద్రతో ఊళ్లోంచే పంపే వీలు కలిగింది.

రికార్డు రూములోకి ఎవరు వెళ్లినా సంతకం పెట్టించుకొనేవాళ్లం. సర్వరు పెట్టేవారి నేర్పంతా కూడా ఎవరిని ఎంతవరకు రానివ్వాలన్న దానిలోనే ఉంది. ఇప్పుడా తాళంచెవి మన జేబులోని ఫోనులోకి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ‘ఎనీడెస్క్’ ఆప్‌తో జరుగుతున్న మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది. నిజానికి అది దూరాన ఉండి కంప్యూటరు బాగుచేసేవారి పనిముట్టు. ‘పెన్షను ఆగిపోతుంది, ఈ ఆప్ వేసుకొని అందులో కనపడే తొమ్మిది అంకెలు చెప్పండి’ అని ఎవరైనా ఫోను చేస్తే మాత్రం వెంటనే పెట్టేయండి. జీవన్ ప్రమాణ్‌కు మన ఫోను తెర ఎవరికీ చూపనక్కరలేదు. 2021 నవంబరు నుంచి ముఖం చూపి కూడా ఇంటినుంచే ఇవ్వవచ్చు. పక్కన మనవడో మనవరాలో ఉంటే చాలు.