ఓడ మర – నీటి జారుడు

కొయ్యలో మరమేకును ఒక్క చుట్టు త్రిప్పినచో, అది రెండు మరల నడుమగల దూరము లోనికి చొచ్చును. ఆ దూరమే పిచ్. ఓడ వెనుక తిరుగు ప్రొపెల్లరు గూడ మరయే. కాని నీరు కొయ్యవలె నిలిచి యుండదు. త్రోసినకొలది వెనుకకు పోవును. కావున మర లెక్కప్రకారము పోవలసినంత దూరము ఓడ పోదు. ఈ వెలితిని నావికులు ‘స్లిప్’ అందురు. మనము జారుడు అందము.

లెక్క సులభము. పిచ్ 4.63 మీటర్లు, నిమిషమునకు 100 చుట్లు అనుకొందము. గంటకు 27,780 మీటర్లు. నాటికల్ మైలు 1,852 మీటర్లు గనుక ఇది 15 మైళ్ళు. 24 గంటలకు 360. ఓడ నిజముగ 324 మైళ్ళే నడచినచో వెలితి 36. జారుడు నూటికి 10.

1836లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, జాన్ ఎరిక్సన్ వేరువేరుగ ప్రొపెల్లరుకు పేటెంట్లు పొందిరి. 1845లో బ్రిటిష్ నౌకాదళము ప్రొపెల్లరు గల ‘రాట్లర్’ను, ప్రక్కచక్రములు గల ‘అలెక్టో’ను వెనుకభాగములు కలిపి కట్టి, ఎదురెదురుగ లాగించెను. రాట్లరే గెలిచెను. 1865లో రాంకిన్ ఈ తోపునకు గణితము కూర్చెను: నీటిని వెనుకకు నెట్టుటవలననే ఓడ ముందునకు సాగును. అనగా జారుడు లేనిదే తోపు లేదు.

అయితే ఒక చిక్కు కలిగెను. కొన్ని ఓడలు మర లెక్కకంటె ఎక్కువ దూరము నడచినట్లు తేలెను! మన ఓడయే ప్రవాహములేని సముద్రమున 369 మైళ్ళు నడచినదనుకొందము. జారుడు ఋణసంఖ్య యగును: నూటికి –2.5. మరి నీటిని నెట్టకయే ఓడ నడచినదా?

ఓడ కదలునప్పుడు తన్ను ఒరసికొను నీటిని కొంత వెంట ఈడ్చుకొనిపోవును. ప్రొపెల్లరు పనిచేయునది ఈ వెంటనీటిలోనే. ఓడ వేగము గంటకు 15.375 మైళ్ళు. వెంటనీటి వేగము అందు అయిదవ వంతైనచో, ఆ నీటిని బట్టి మర సాగునది 12.3 మైళ్ళే. 15కు వెలితి 2.7, నిజమైన జారుడు నూటికి 18. సూత్రము నిలిచినది! 1872లో టార్కీ వద్ద పరీక్షాతొట్టి నెలకొల్పిన విలియం ఫ్రూడ్, ఆయన కుమారుడు రాబర్ట్ ఎడ్మండ్ ఫ్రూడ్ చేసిన పరిశోధనలు ఈ విషయమును విశదపరచినవి.

నేటికిని ఓడలలో జారుడును దినదినము లెక్కించుచున్నారు. ఎదురుగాలి, ఎదురు ప్రవాహము, అడుగున పట్టిన నాచు, గుల్లలు దానిని పెంచును; ఇంధనపు ఖర్చును పెరుగును. మన ఓడ 342 మైళ్ళు నడచిన దినమున జారుడెంతయో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.