ఎంజీ టీసీ స్టీరింగ్ బాక్స్: అరుగుదల, మరమ్మతు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో ఎంజీ టీసీ స్పోర్ట్స్ కారు తయారీ మొదలైంది. 1949 దాకా సుమారు 10,000 కార్లు తయారయ్యాయి. విదేశీ మారకం కోసం వాటిలో చాలావాటిని ఎగుమతి చేశారు. ఎడమ స్టీరింగు కారు ఒక్కటీ చేయలేదు. అమెరికన్లు కూడా కుడివైపు కూర్చునే నడిపారు.

యుద్ధానికి ముందరి నమూనాల నుంచి వచ్చిన ఈ కారుకు బిషప్ కామ్ రకం స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. కాలమ్ అడుగున మరచుట్టులా గాడి తీసిన ఉక్కు కామ్, ఆ గాడిలో కూర్చునే కోసుగా ఉన్న పెగ్, పెగ్‌ను పట్టుకున్న సెక్టార్ షాఫ్ట్: యంత్రమంతా ఇంతే. స్టీరింగ్ తిప్పితే గాడి పెగ్‌ను పక్కకు నెడుతుంది, షాఫ్ట్ తిరుగుతుంది.

కారు ఎక్కువసేపు నేరుగానే పోతుంది గనుక గాడిలో నడిమి భాగం ముందుగా అరుగుతుంది. స్టీరింగులో ప్లే పెరిగితే పైమూత కింది పలుచటి రేకులు (షిమ్ములు) కొన్ని తీసేయడం పాత అలవాటు. నడుమ బిగువు వచ్చేది, కానీ గాడి అరగని చివర్లలో పెగ్ పట్టేసేది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి వచ్చేది కాదు. స్టీరింగు విషయంలో టీసీకి వచ్చిన చెడ్డపేరులో ఈ తొందర మరమ్మతుల వాటా చిన్నది కాదు.

సరైన పని బాక్సు పూర్తిగా విప్పడంతోనే మొదలవుతుంది. పెగ్‌ను వెలుతురులో పట్టి చూస్తే గాడికి రాసుకున్న వైపు చదునుగా కనిపిస్తుంది. అరుగుదల తక్కువైతే పెగ్‌ను ప్రెస్సుతో ఊడదీసి, పావు వంతు తిప్పి, అరగని వైపు గాడికి ఆనేలా మళ్లీ దిగ్గొడతారు. లేకుంటే కొత్తది వేస్తారు. కామ్ గట్టి పైపొర లేచిపోయి గుంటలు పడితే ఇక దాన్ని మార్చడమే. షాఫ్ట్ బుష్‌ను రీమర్‌తో కొలతకు తెస్తారు. షిమ్ములు చివరికి లెక్కిస్తారు: నడుమ ప్లే పోవాలి, చివరిదాకా తిప్పినా ఎక్కడా పట్టకూడదు. గ్రీజు గాడిలోంచి పక్కకు జరిగి తిరిగి రాదు. అందుకే చిక్కటి గేర్ ఆయిలే పోయాలి. కింగ్‌పిన్నులు, డ్రాగ్ లింక్ కీళ్లు వదులుగా ఉంటే బాక్సు ఎంత బాగుచేసినా బండి రోడ్డు మీద అటూఇటూ పోతూనే ఉంటుంది.

తర్వాతి ఎంజీ టీడీకి ర్యాక్ అండ్ పినియన్ వచ్చింది. ట్రయంఫ్ మాత్రం 1961 నాటి టీఆర్4 వచ్చేదాకా, ఆస్టిన్-హీలీ తన 3000 నమూనా ఆగిపోయేదాకా పెగ్ బాక్సులను వాడుతూనే ఉన్నాయి.